పొలాల మధ్య డచ్ ఇల్లు: అద్దె తర్వాత, ముందు ఆ అడ్రస్ సంగతి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. జనవరిలో నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో ఉద్యోగంలో చేరుతున్నారు. పక్కనున్న ఐండ్‌హోవెన్ పట్నంలో మూడు నెలలుగా వెతికినా ఇల్లు కుదరలేదు. ఇప్పుడు చేతిలో రెండు ఇళ్లు ఉన్నాయి. ఒకటి బ్లాడెల్ దగ్గర పొలాల మధ్య పాత రైతు ఇల్లు, నెలకి 1,350 యూరోలు, 'కాల్' పద్ధతిలో (అంటే ఖాళీగా, వివరం కింద చెప్తాను). అడ్రస్ రిజిస్ట్రేషన్ గురించి అడిగితే ఓనరు "తర్వాత చూసుకుందాం" అంటున్నాడు, శనివారం ఇల్లు చూడ్డానికి రమ్మన్నాడు. రెండోది ఒక హాలిడే పార్కులో సామానుతో సహా చిన్న చాలెట్, అంటే విడిది ఇల్లు, ఏడాది కాంట్రాక్ట్, 1,150 యూరోలు. మీ ఆవిడ, నాలుగేళ్ల పాప మీతో వస్తున్నారు. కారు లేదు. ఏది తీసుకోవాలి, 1,350 అద్దె న్యాయమేనా, అసలు పల్లెలో నెగ్గుకురాగలమా అన్నది మీ సందేహం.

చాలెట్ వదిలేయండి. రైతు ఇంటికి ఇప్పుడే డబ్బు కట్టకండి. ఖెమేంతె నుంచి, అంటే ఇక్కడి మునిసిపాలిటీ నుంచి, ఒక్క ముక్క రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే ఆలోచించండి. ఎందుకో చెప్తాను.

మేము ఈ దేశం వచ్చింది 2012లో. 2014 నుంచి ఈ కెంపెన్ పల్లెల్లోనే ఉంటున్నాం. బెల్జియం సరిహద్దు దాకా ఉండే ఈ ప్రాంతంలో ఎనిమిది ఊళ్లని కలిపి 'అష్ట ధన్యతలు' అని పిలుస్తారు. ఎర్సెల్, రూసెల్, హుల్సెల్, నెటర్సెల్ ఇలా చివర 'సెల్' వచ్చే పేర్లని బైబిల్లోని ధన్యవచనాలతో కలిపి పుట్టించిన చమత్కారం అది. వింటల్రె పేరులో సెల్ లేకపోయినా లెక్క కోసం దాన్నీ లాక్కొచ్చారు. పేరు ధన్యతలే గానీ, మొదటి ఇంటితో మాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అదీ మీరు చూసిన లాంటి ఇల్లే. ఓనరు ఆవుల్ని అమ్మేసి పట్నం వెళ్లిపోయాడు. పక్కనున్న షెడ్లు ఇంకొకాయనకి లీజుకిచ్చాడు. ఇల్లు మాకు అద్దెకిచ్చాడు. మా ఆయన జాగ్రత్తపరుడు. ఈ దేశంలో ప్రతి భవనం దేనికి వాడాలో చూపించే బ్యాగ్ అనే ప్రభుత్వ రిజిస్టర్ ఉంటుంది, అది తెరిచి చూశాడు. 'వోన్‌ఫుంక్సీ' అనుంది, అంటే నివాసం. హమ్మయ్య అనుకుని సంతకం పెట్టేశాం. అయిదు నెలల తర్వాత ఖెమేంతె నుంచి కవరు వచ్చింది. ఊరి భూవినియోగ ప్రణాళిక ప్రకారం ఆ ఇల్లు 'బెడ్రైఫ్స్‌వోనింగ్', అంటే ఆ వ్యవసాయ వ్యాపారం నడిపేవాళ్లు ఉండాల్సిన ఇల్లు. బయటివాళ్లు ఉండటం నిబంధనలకి విరుద్ధం. సరిచేయకపోతే ఓనరుకి జరిమానా. ఆయన సరిచేసిన తీరు ఏమిటంటే, మమ్మల్ని ఖాళీ చేయమనడం. మా చట్టపరమైన హక్కులు మాకున్నాయి, నిజమే. కానీ చంకలో ఏడు నెలల పిల్లాడిని పెట్టుకుని, అర్థం కాని భాషలో వచ్చే ఉత్తరాలతో కొట్లాడే ఓపిక ఎవరికుంటుంది? వెళ్లిపోయాం.

అందుకే చెప్తున్నాను. బ్యాగ్‌లో 'నివాసం' అని కనిపించినంత మాత్రాన సరిపోదు. రైతు ఇంటికీ అక్కడ అదే మాట ఉంటుంది. దానిపైన ఆ స్థలానికి ప్రణాళికలో ఏం రాసుందో చూడాలి. 2024 జనవరిలో కొత్త పర్యావరణ, ప్రణాళికా చట్టం వచ్చాక అది ఓమ్‌ఖేవింగ్స్‌లోకెట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద కనిపిస్తుంది. పోస్ట్‌కోడ్, ఇంటి నంబరు కొడితే చాలు. కానీ ఆ డచ్ చదివి అర్థం చేసుకోవడం డచ్చివాళ్లకే కష్టం. అంతకంటే సులువు, ఖెమేంతెకి మెయిల్ పెట్టడం. రెండే ప్రశ్నలు అడగండి: ఈ అడ్రస్‌లో వ్యవసాయంతో సంబంధం లేని కుటుంబం ఏడాది పొడవునా ఉండొచ్చా? ఇది 'ప్లాటెలాండ్స్‌వోనింగ్' హోదా ఉన్న ఇల్లా?

ఆ రెండో మాట గుర్తుపెట్టుకోండి. 2013 నుంచి ఉన్న ఏర్పాటు అది. ఖెమేంతె ఆ హోదా ఇస్తే పాత రైతు ఇంట్లో రైతు కానివాళ్లు కూడా నిక్షేపంగా ఉండొచ్చు. కాకపోతే ఆ కమతం నుంచే వచ్చే వాసన, చప్పుడు గురించి మామూలు ఇంటివాళ్లకున్నంత రక్షణ మీకుండదు. ఈ పల్లెలున్న బ్రబంట్ రాష్ట్రంలో పందుల ఫారాలు ఎక్కువ. షెడ్డులో ఏముందో, ఇంకా నడుస్తోందో లేదో కళ్లతో చూడండి, ముక్కుతో కూడా. ఫిబ్రవరి, మార్చిలో పొలాలకి పశువుల ఎరువు తోలేటప్పుడు ఎలాగూ ఊరు ఊరంతా కంపు కొడుతుంది, దానికి మినహాయింపు ఎవరికీ లేదు. మాది తణుకు పక్కన పల్లె. అయినా మొదటి ఏడాది కిటికీలకి తుండుగుడ్డలు కుక్కాను.

ఇక "రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం" అన్న మాట. ఓనరు అలా అంటున్నాడంటే సాధారణంగా వెనక మూడు కారణాల్లో ఒకటుంటుంది. ప్రణాళిక ప్రకారం ఆ ఇంట్లో మీరు ఉండకూడదు. లేదా ఇంటి మీద లోనుంది, అద్దెకివ్వడానికి బ్యాంకు అనుమతి తీసుకోలేదు. లేదా ఆ అడ్రస్‌లో ఇంకెవరో కాగితాల మీద ఉంటున్నారు. మొదటిదాంట్లో ఒక తమాషా ఉంది. మీరు నిజంగా అక్కడ కాపురం ఉంటుంటే ఖెమేంతె మిమ్మల్ని ఆ అడ్రస్‌లో నమోదు చేసుకోవాల్సిందే. ఇల్లు నివాసానికి కాదన్న కారణంతో కాదనకూడదు. కానీ ఆ నమోదుతోనే అక్కడ ఎవరో ఉంటున్నారని వాళ్లకి తెలుస్తుంది, తనిఖీ మొదలవుతుంది. ఓనరు భయం మీ రిజిస్ట్రేషన్ గురించి కాదు, దాని వెనకొచ్చే తనిఖీ గురించి. రెండోది ఇంకా ప్రమాదం. అనుమతి లేకుండా అద్దెకిచ్చి ఓనరు లోను కట్టకపోతే, బ్యాంకు ఇల్లు వేలానికి పెట్టేటప్పుడు మిమ్మల్ని కూడా ఖాళీ చేయించగలదు.

మీకేమో రిజిస్ట్రేషన్ లేకపోతే ఏదీ కదలదు. నాలుగు నెలలకి మించి ఉండబోతున్నవాళ్లు వచ్చిన అయిదు రోజుల్లోగా ఖెమేంతె దగ్గర నమోదు చేయించుకోవాలన్నది చట్టం. అక్కడే మీకు బీఎస్‌ఎన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది. జీతం, బ్యాంకు, ఆరోగ్య బీమా, పాప బడి, అన్నీ దాని మీదే. కాబట్టి ఓనరుని మొహమాటం లేకుండా అడగండి: "కాంట్రాక్ట్‌లో ఈ అడ్రస్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చని ఒక లైను రాస్తారా?" నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి.

చాలెట్ సంగతి ఇంకా తేలిక. హాలిడే పార్కు స్థలాలు విహారానికి కేటాయించినవి. దాదాపు అన్నిచోట్లా అక్కడ శాశ్వత నివాసం నిషేధం. అమ్మేవాళ్లూ అద్దెకిచ్చేవాళ్లూ "అందరూ ఉంటున్నారండీ" అంటారు. ఉంటున్నారు, నిజమే. ఖెమేంతె ఎప్పుడు కదులుతుందో తెలియక బిక్కుబిక్కుమంటూ ఉంటున్నారు. పైగా ఏడాది కాంట్రాక్ట్ అన్నారు. 2024 జులై 1 నుంచి మామూలు ఇంటికి గడువు కాంట్రాక్ట్ ఇవ్వడం కుదరదు. చదువుకోవడానికి వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు, కొంతకాలం విదేశం వెళ్లి తిరిగి తన ఇంటికే వచ్చే ఓనరు, ఇలాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఉద్యోగానికి వచ్చిన విదేశీయుడు ఆ మినహాయింపుల్లో లేడు. పార్కుల వాళ్లు "ఇది స్వల్పకాలిక విడిది" అన్న సాకుతో తప్పించుకుంటారు. నాలుగేళ్ల పిల్లని బడిలో వేసి, ఏడాదికి మళ్లీ పెట్టే బేడా సర్దుకోవడం మీకు అవసరమా?

పల్లెల్లో ఇంకో రకం కాంట్రాక్ట్ కనబడుతుంది. అమ్మకానికి పెట్టిన ఇంటిని 'లేఖ్‌స్టాండ్‌వెట్' అనే ఖాళీ ఇళ్ల చట్టం కింద తాత్కాలికంగా అద్దెకిస్తారు. ఇది చట్టబద్ధమే. ఓనరు ఖెమేంతె నుంచి పర్మిట్ తీసుకోవాలి, కనీసం ఆరు నెలలు ఇవ్వాలి, ఖాళీ చేయించాలంటే మూడు నెలల ముందు చెప్పాలి. అద్దె కొంచెం తక్కువుంటుంది. కాలు మోపడానికి, ఊరు అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది గానీ, ఇల్లు అమ్ముడుపోతే దిగిపోవాల్సిందే. పర్మిట్ కాగితం చూపించమనండి.

1,350 అద్దె న్యాయమా అని అడిగారు. ఇక్కడ ఇంటికి పాయింట్లుంటాయి. విస్తీర్ణం, వంటిల్లు, బాత్రూమ్, పెరడు, ఎనర్జీ లేబుల్, ఇంటి ప్రభుత్వ విలువ, వీటన్నిటికీ పాయింట్లు వేసి కూడతారు. గదులకి చదరపు మీటరుకి ఒక పాయింటు. 2024 జులై నుంచి 186 పాయింట్ల దాకా ఉన్న ఇళ్లకి గరిష్ఠ అద్దె ఇంత అని చట్టమే చెప్తుంది. 187, ఆపైన ఉంటే ఓనరు ఇష్టం. 2025లో 143 పాయింట్ల దాకా 900.07 యూరోలు, 186 దాకా 1,184.82 యూరోలు మించకూడదని ఉండేది. ఏటా జనవరిలో ఈ అంకెలు మారతాయి. అంటే మీ దగ్గర 1,350 అడగాలంటే ఇల్లు 187కి తగ్గకూడదన్నమాట. రైతు ఇళ్లు పెద్దవి, పెరడు పెద్దది, తేలిగ్గానే దాటతాయి. కానీ ఎనర్జీ లేబుల్ ఈ, ఎఫ్, జి అయితే పాయింట్లు కోస్తారు. కనుక లెక్క అడగండి. 2025 జనవరి నుంచి కొత్త కాంట్రాక్ట్‌తో పాటు పాయింట్ల పట్టీ ఇవ్వడం ఓనరు బాధ్యత. హూర్‌కొమిస్సీ అనే అద్దెల ట్రిబ్యునల్ వెబ్‌సైట్‌లో మీరే లెక్క వేసుకోవచ్చు. తేడా ఉందనిపిస్తే కాంట్రాక్ట్ మొదలైన ఆరు నెలల్లోపు అక్కడ ఫిర్యాదు చేయండి, మీరు కట్టేది 25 యూరోలు. "ఓనరు కోపగించుకుంటాడేమో" అని మనవాళ్లు భయపడతారు. గడువు లేని కాంట్రాక్ట్ ఉన్నవాళ్లని ఇలాంటి కోపంతో ఖాళీ చేయించలేరు.

డిపాజిట్ రెండు నెలల అసలు అద్దెకి మించకూడదు. మీ లెక్కలో 2,700. 2023 జులై నుంచి ఉన్న నియమమిది. ఇంట్లోంచి వెళ్లాక కోతలేమీ లేకపోతే 14 రోజుల్లో, ఉంటే లెక్క చూపించి 30 రోజుల్లో తిరిగివ్వాలి. ఇల్లు ఓనరు తరఫున చూపించే మాకెలార్, అంటే ఏజెంటు, మీ దగ్గర కమీషన్ తీసుకోకూడదు. 'అడ్మినిస్ట్రేషన్ చార్జీ', 'కాంట్రాక్ట్ చార్జీ' అని పేరు మార్చి అడిగినా అంతే. తాళాల డబ్బు అని నగదు అడిగేవాళ్ల జోలికి వెళ్లొద్దు. ఇంకోటి, గడువు లేని కాంట్రాక్ట్ అయినా "మొదటి 12 నెలలు ఖాళీ చేయకూడదు" అన్న షరతు ఉండొచ్చు. అది చదవండి. ఆ తర్వాత మీరు నెల ముందు చెప్పి వెళ్లిపోవచ్చు.

ఇప్పుడు 'కాల్'. మనవాళ్లకి దీని అర్థం ఇల్లు చూస్తే తప్ప ఎక్కదు. 'కాల్' అంటే బోడి. ఫర్నిచర్ లేని ఇల్లు అనుకోకండి, నేల కూడా లేని ఇల్లు. రెండో ఇంటి తాళాలు మాకు నవంబరులో సాయంత్రం నాలుగున్నరకి ఇచ్చారు. బయట చీకటి కమ్ముకొస్తోంది. లోపల కాలు పెడితే ఒట్టి కాంక్రీట్, మధ్యమధ్యలో పాత జిగురు మరకలు. పైన సీలింగ్ నుంచి రెండు వైర్లు వేలాడుతున్నాయి, చివర్లకి చిన్న ప్లాస్టిక్ కనెక్టర్. బల్బు లేదు, హోల్డరూ లేదు. టాయిలెట్‌లో కూడా లేదు. కిటికీలకి పరదా కడ్డీలు లేవు. వంటింట్లో సింకు, అలమరాలు మాత్రం ఉన్నాయి, పొయ్యి తీసుకెళ్లిపోయారు. ఆ రాత్రి ఫోన్ టార్చి వెలుగులో పరుపు పరుచుకున్నాం. వీధిలో వెళ్లేవాళ్లకి మేం సినిమా తెర మీద బొమ్మల్లా కనబడుతున్నామని మర్నాడు పక్కింటావిడ చెప్పింది, నవ్వుతూనే.

కాబట్టి 'కాల్' ఇల్లంటే నేల, పరదాలు, దీపాలు, వాషింగ్ మెషిన్, ఒక్కోసారి పొయ్యి, ఫ్రిజ్, అన్నీ మీరే. అయిదారు వేల యూరోలు పక్కన పెట్టుకోండి. పాత అద్దెదారు తను వేసిన నేల, పరదాలు వదిలివెళ్తానంటే దాన్ని 'ఓవర్‌నామె' అంటారు. బేరం ఆడొచ్చు. వాటిని పీకడం వాళ్లకీ పనే, అందుకే తగ్గుతారు. కానీ ఒకసారి మీరు కొన్నాక, వెళ్లేటప్పుడు ఆ నేల పీకాల్సిన బాధ్యత కూడా మీదే. 'హెస్టోఫేర్ట్' అని ఉంటే నేల, పరదాలు ఉంటాయి. 'హెమ్యుబిలేర్ట్' అంటే మంచం, కుర్చీలతో సహా. మొదటిసారి వస్తున్నవాళ్లకి మధ్యది సుఖం. సామానుకి మార్క్‌ట్‌ప్లాట్స్ అనే పాత సామాన్ల వెబ్‌సైట్ చూడండి. పల్లెల్లో పాత బల్లలు దాదాపు ఊరికే ఇస్తారు, మోసుకెళ్లే మనిషుంటే చాలు.

పాత రైతు ఇల్లు వెచ్చగా ఉంచడం అద్దె కంటే ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. నాలుగు వైపులా గాలి తగిలే ఇల్లు, ఎత్తు సీలింగ్, ఒంటి గాజు కిటికీలు. చలికాలంలో వేడంతా బయటికే. కరెంటు, గ్యాస్ మీ పేరు మీద తీసుకోవాలి. నెలనెలా అంచనా మొత్తం కడతారు, ఏడాది చివర అసలు లెక్క తేలుస్తారు. అంచనా తక్కువ పెట్టుకుని మురిసిపోతే ఆఖర్న పెద్ద బిల్లు మీద పడుతుంది. ఎనర్జీ లేబుల్ పత్రం, కిందటేడు గ్యాస్ వాడకం ఎన్ని ఘనమీటర్లో అడగండి. ఊరికి దూరంగా ఉంటే గ్యాస్ పైపు ఉందా, ప్రొపేన్ ట్యాంకా అనేది కూడా. ట్యాంకైతే నింపించే ఖర్చు ఎవరిది? మురుగునీరు ఊరి పైపులోకి వెళ్తుందా, పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఉందా? దాన్ని ఎవరు శుభ్రం చేయించాలో కాంట్రాక్ట్‌లో ఉండాలి.

చిన్న మరమ్మతులు అద్దెదారువే అని చట్టం చెప్తుంది. బల్బులు, కుళాయి వాషర్లు, కీళ్లకి నూనె, అందేంత ఎత్తులో ఉంటే పైకప్పు కాలువల్లో ఆకులు తీయడం, పొయ్యి గొట్టం ఉంటే అది ఊడ్పించడం. బాయిలరు పాడైతే, బయటి కిటికీ చెక్కకి రంగు వేయాలంటే ఓనరు చూసుకోవాలి. పెరడు మాత్రం పూర్తిగా మీ నెత్తినే. ఫ్లాట్ నుంచి వచ్చినవాళ్లకి ఇది తెలియదు. మేం మొదటి ఎండాకాలం కంచె కత్తిరించలేదు. ఎవరూ ఏమీ అనలేదు. జూన్‌లో ఒక శనివారం ఎదురింటి పెద్దాయన తన కత్తెర మిషన్, ఎక్స్‌టెన్షన్ వైరు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "మీకు కావాలేమోనని" అన్నాడు. ఇక్కడ చీవాట్లు ఇలాగే పెడతారు.

కారు లేకుండా ఉండగలరా? ఊరిని బట్టి. ఈ నాలుగైదు ఊళ్లకి రైలు లేదు. రూసెల్, బ్లాడెల్, హాపర్ట్, ఎర్సెల్ నుంచి ఐండ్‌హోవెన్‌కి బస్సు ఉంది. ఆ బస్సు దారి మీద ఇల్లయితే కష్టం లేదు. నెటర్సెల్ లాంటి చిన్న ఊళ్లలోనూ, పొలాల మధ్య ఇళ్లకీ ఆ సుఖం ఉండదు. కొన్ని దారుల్లో 'బ్యూర్ట్‌బస్' అని ఊరివాళ్లే జీతం లేకుండా నడిపే చిన్న వ్యాను తిరుగుతుంది. రాత్రిళ్లు, ఆదివారాలు దాన్ని నమ్ముకోకండి. బ్లాడెల్ నుంచి వెల్డ్‌హోవెన్ ఆఫీసుకి పదిహేను, ఇరవై కిలోమీటర్లు. కరెంటు సైకిల్ మీద రోజూ వెళ్లేవాళ్లున్నారు. కానీ జనవరిలో ఎదురుగాలి, వాన, చీకటి. మీరు విదేశీ నిపుణులకిచ్చే 30 శాతం పన్ను రాయితీ కిందకి వస్తే మన దేశపు డ్రైవింగ్ లైసెన్సుని పరీక్ష లేకుండా ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవచ్చు, మీ ఆవిడ కూడా. ఆ రాయితీ లేకపోతే నమోదైన రోజు నుంచి 185 రోజులే మన లైసెన్సు చెల్లుతుంది. ఆలోచించాల్సింది మీ ప్రయాణం కాదు. మీరు ఆఫీసుకెళ్లాక బస్సు లేని చోట మీ ఆవిడ పొద్దంతా ఏం చేస్తుందన్నది. చాలా కుటుంబాలు ఏడాది తిరక్కుండా పట్నానికి వెళ్లిపోవడం చూశాను. అద్దె ఎక్కువై ఎవరూ వెళ్లలేదు, అందరూ ఈ ఒంటరితనంతోనే. దుకాణానికి నడిచి వెళ్లగలిగే ఊరి మధ్య ఇల్లు వందా రెండొందలు ఎక్కువైనా మేలు.

పాపకి నాలుగేళ్లే కాబట్టి మీరు అదృష్టవంతులు. ఇక్కడ నాలుగు నిండగానే బడి మొదలవుతుంది, అయిదు నుంచి తప్పనిసరి. ఆ వయసులో ఊరి బడిలో వేస్తే ఆటల్లోనే డచ్ వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లలైతే ముందు భాష నేర్పే తరగతికి వేరే ఊరు తిప్పాల్సి వచ్చేది. మావాడు ఇంట్లో నాతో తెలుగు, బయట బ్రబంట్ యాస. ఫోన్ పెట్టేసేటప్పుడు వాళ్ల తాతయ్యకి కూడా "హౌదూ" అనేస్తాడు. ఇల్లు ఖాయమైన రోజే ఊరి హౌస్‌ఆర్ట్స్ దగ్గర, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గర, కొత్తవాళ్లని చేర్చుకుంటున్నారేమో ఫోన్ చేయండి. చిన్న ఊళ్లలో జాబితా నిండిపోయి ఉండొచ్చు. ఆరోగ్య బీమా నాలుగు నెలల్లోగా తీసుకోవాలి.

ఇండియా నుంచి ముందే సిద్ధం చేసుకోవాల్సినవి: ముగ్గురి జనన ధ్రువపత్రాలు, పెళ్లి ధ్రువపత్రం, వాటి మీద అపోస్టిల్ ముద్ర. నమోదప్పుడు అడుగుతారు. మన తరం వాళ్లు చాలామందికి పల్లెల్లో పుట్టుక నమోదే లేదు, పదో తరగతి సర్టిఫికెట్ చూపించి బతికేశాం. ఇక్కడ అది చాలదు. ఏడాది దాటిన జనన నమోదుకి ఆర్డీవో ఉత్తర్వు కావాలి. మీసేవలో అర్జీ పెట్టినా రోజులు పడుతుంది. మా ఆయనకి మూడు నెలలు పట్టింది, అదీ మా మామగారు రోజూ ఆఫీసు చుట్టూ తిరిగితే. ఈ వారమే మొదలుపెట్టండి.

ఈ రెండూ కాకుండా వెతకాలంటే, ఫుండా, పరారియస్ అనే ఇళ్ల వెబ్‌సైట్లు చూస్తూనే ఉండండి. కానీ పల్లెల్లో సగం ఇళ్లు అక్కడికి రాకముందే వెళ్లిపోతాయి. ఎర్సెల్, బ్లాడెల్‌లోని మాకెలార్ ఆఫీసులకి నేరుగా వెళ్లి పేరివ్వండి. వాళ్లు అడిగేవి: కంపెనీ ఇచ్చే వెర్క్‌ఖేవర్స్‌వెర్క్లారింగ్ అనే ఉద్యోగ ధ్రువీకరణ, జీతం స్లిప్పులు లేదా ఆఫర్ లెటరు, పాస్‌పోర్ట్ కాపీ. అద్దెకి మూడు రెట్ల స్థూల జీతం చూస్తారు, అంటే 1,350కి 4,050. పాస్‌పోర్ట్ కాపీ ఇచ్చేటప్పుడు ప్రభుత్వం వారి కొపీ-ఐడీ యాప్‌తో నంబర్లు కొట్టేసి, ఎవరికి ఎందుకిస్తున్నారో కాపీ మీదే రాయండి. దానికి తోడు అరపేజీ ఉత్తరం డచ్‌లో. మీరెవరు, ఏం పని, పాప ఏ బడికి వెళ్తుంది, ఎన్నేళ్లు ఉండాలనుకుంటున్నారు, అంతే. పల్లెలో ఓనరు జీతం కంటే "వీళ్లు నిలబడతారా" అనే చూస్తాడు. ఒక ఫొటో కూడా పెట్టండి, నవ్వకపోయినా పర్లేదు. ఇల్లు చూడకుండా డబ్బు పంపమనేవాడు, తాను విదేశంలో ఉన్నానని తాళాలు కొరియర్‌లో పంపుతాననేవాడు దొంగే. అనుమానముంటే కాదాస్టర్ అనే భూముల రిజిస్ట్రీలో కొద్ది రుసుము కట్టి ఆ ఇంటి అసలు ఓనరు పేరు తెప్పించుకోండి.

రైతు ఇంటి ఓనరు శనివారం రమ్మన్నాడన్నారు కదా, వెళ్లండి. చీకటి పడకముందు వెళ్లండి. వంటింట్లో చిమ్నీ గొట్టం బయటికి పోతుందో, లోపలే తిప్పుతుందో చూడండి. లోపలే తిరిగేదైతే మన పోపు వాసన, ఆవిరి గోడలకి పట్టి చలికాలంలో బూజు వస్తుంది. వాయవ్యం మూల గదిలో అలమరా పక్కకి జరిపి గోడ ముట్టుకోండి, చెమ్మ అక్కడే తెలుస్తుంది. బాయిలరు మీద ఆఖరి సర్వీసు స్టిక్కరు తేదీ చూడండి. ఇల్లు తీసుకుంటే తాళాలిచ్చే రోజు గ్యాస్, కరెంటు, నీళ్ల మీటర్లకి, ప్రతి గది గోడలకి ఫొటోలు తీసి అదే రోజు ఓనరుకి మెయిల్ చేయండి. ఈలోపు ఖెమేంతె నుంచి మీ మెయిల్‌కి జవాబు వస్తే ఇక్కడ పెట్టండి. అడ్రస్, పేరు తీసేసి పెట్టండి చాలు, అందులో ఏ మాటకి ఏ అర్థమో నేను చూసి చెప్తాను.